ఆ సీన్ మిమ్మల్నే ఎందుకు కుదిపేసింది?

ఏలూరులో ఫస్ట్ షో వదిలాక హాలు బయటికొచ్చే జనాన్ని ఓసారి గమనించండి. అందరూ చూసింది ఒకటే సినిమా. ఒక సీన్ దగ్గర హాలంతా కలిసే ‘అమ్మో’ అంది. అయినా ఒకాయన టీ బంకు దగ్గర నిలబడి అదే సీన్‌ను నవ్వుతూ వర్ణిస్తుంటాడు. ఆయన పక్కనున్నాయనకు బండి తాళం ఒకపట్టాన తిరగదు, వేళ్లు ఇంకా వణుకుతుంటాయి. భర్తతో కలిసి తాడేపల్లిగూడెం బస్సెక్కిన ఇల్లాలు ఊరు చేరేదాకా నోరు మెదపదు. ఆ రాత్రి పడగ్గదిలో లైటు తీయనివ్వదు.

ఈ ముగ్గురిలో మీరు ఎవరైనా కావచ్చు. పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు. రోజూ ఆపరేషన్లు చూసే నర్సు సినిమాలో ఒక చెంపదెబ్బకు కుదేలవ్వచ్చు. కోడిపిల్ల చస్తేనే చూడలేని మనిషి కత్తి ఫైట్లు చూస్తూ పాప్‌కార్న్ నమలొచ్చు. నెత్తురు ఎంత ఎక్కువ పారిస్తే ప్రేక్షకుడికి అంత షాక్ అని ఈమధ్య సినిమాలు తీసేవాళ్లు లెక్కలేస్తున్నట్టున్నారు. మన శరీరం లెక్క వేరే ఉంది. తెర మీద ఎంత జరిగింది అన్నదాని కంటే, ఆ సీన్ మన లోపల దేన్ని తాకింది అన్నదే దానికి ముఖ్యం. ఈ సంగతి తెలుసుకుంటే మనకు పనికొస్తుంది. ఎవరికి ఏ సీన్ ప్రమాదమో, ఎవరు హాల్లోంచి లేచి వచ్చేయాలో, ఎవరితో ఆ రాత్రి కాసేపు కూర్చుని మాట్లాడాలో అర్థమవుతుంది.

వెన్నులో దిగిన కత్తి

2015 జులై 10న ‘బాహుబలి: ది బిగినింగ్’ విడుదలైంది. అందులో పెద్ద యుద్ధం ఉంది. వందలమంది తెగి పడతారు. అదంతా మనం ఈలలు వేస్తూ చూశాం. ఆఖరి నిమిషంలో కట్టప్ప వెనక నుంచి వచ్చి బాహుబలిని పొడిచేసరికి మాత్రం హాళ్లు మూగబోయాయి. అంతసేపు యుద్ధంలో పారిన నెత్తురుతో పోలిస్తే ఆ ఒక్క పోటు ఎంత? కానీ ఆ పోటు పొడిచింది బాహుబలి ‘మామా’ అని పిలిచే మనిషి.

మన మెదడు సినిమా మొదలైనప్పటి నుంచీ ఒక జాబితా రాసుకుంటూనే ఉంటుంది. వీడు చెడ్డవాడు, జాగ్రత్త. ఈ ముసలాయన మంచివాడు, ఈయన దగ్గర భయం లేదు. నిజ జీవితంలో కూడా మనం అలాగే బతుకుతాం. ఇంట్లో ఉన్నంతసేపు ఒళ్లు కాస్త వదులుగా ఉంటుంది, చీకట్లో గట్టు మీద నడుస్తుంటే బిగుసుకుంటుంది. చెడ్డవాడు పొడిస్తే ఒళ్లు ముందే సిద్ధంగా ఉంది కాబట్టి దెబ్బ తట్టుకుంటుంది. నమ్మకం పెట్టుకున్న చోటు నుంచి దెబ్బ వస్తే కాపలా ఉండదు. గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో ఖాళీ అయిపోయినట్టు ఉండటం ఇవన్నీ ఒక్కసారే ముంచుకొస్తాయి.

సినిమా పుస్తకాల్లో అందరూ చెప్పే ఉదాహరణ ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ (1960). అందులో స్నానాల గది హత్య సీన్ నిమిషం లోపే ఉంటుంది. నలుపు తెలుపు సినిమా కదా, నెత్తురు కోసం వాడింది చాక్లెట్ సిరప్. కత్తి ఒంట్లో దిగుతున్నట్టు చూశామని ప్రేక్షకులు అనుకున్నారు గానీ, చాలామటుకు అది వాళ్ల ఊహే. అసలు దెబ్బ వేరే ఉంది. చచ్చిపోయింది హీరోయిన్. అదీ సినిమా సగం కూడా కాకముందే. కథ ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తోందో ఆ మనిషినే తీసేశాడు. ఈ దెబ్బ తప్పిపోకూడదని, ఆలస్యంగా వచ్చినవాళ్లను హాల్లోకి రానివ్వొద్దని థియేటర్ల దగ్గర పట్టుబట్టాడు కూడా.

మరి ముందే తెలిస్తే? 2017 ఏప్రిల్ 28న రెండో బాహుబలి వచ్చేనాటికి కట్టప్ప పొడుస్తాడని పసిపిల్లలకు కూడా తెలుసు. రెండేళ్లు దేశమంతా అదే ప్రశ్న అడిగింది. అయినా ఆ సీన్ వచ్చినప్పుడు గొంతుకు ఏదో అడ్డం పడింది. మొదటిసారి ఉలికిపాటు, రెండోసారి జరగబోయేది తెలిసీ ఆపలేని వేదన. డాక్టర్ల భాషలో చెప్పాలంటే మొదటిది సెకన్లలో వచ్చి నిమిషాల్లో పోయే అడ్రినలిన్ పోటు. రెండోది నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగే ఒత్తిడి. దీనిలో కార్టిసాల్ హార్మోన్ కూడా కలుస్తుంది. అది తారస్థాయికి చేరేసరికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. సినిమా అయిపోయి ఇంటికొచ్చాక కూడా నిద్ర పట్టకపోవడానికి ఇదొక కారణం. (అన్నట్టు, బాహుబలి కథ రాసిన విజయేంద్రప్రసాద్ గారిది మన గోదావరి ఒడ్డు కొవ్వూరే. వెన్నుపోటు రుచి ఎలా ఉంటుందో దేశానికంతటికీ చూపించింది మనవాళ్లే.)

కళ్లు మూసుకుంటే చాలదు

భయం వేసే సీన్ రాగానే మీరేం చేస్తారు? కళ్లు మూసుకుంటారు, లేకపోతే పక్కవాళ్ల భుజంలో మొహం దాచుకుంటారు. చెవులు మాత్రం తెరిచే ఉంటాయి. పొరపాటంతా అక్కడే.

ఉలికిపాటు అనేది ఎక్కువగా చెవి దారినే వస్తుంది. పెద్ద శబ్దం హఠాత్తుగా వినపడితే సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే కనురెప్పలు పడిపోతాయి, మెడ, భుజాలు ముడుచుకుంటాయి. అది ఏం శబ్దమో ఆలోచించే భాగం దాకా కబురు వెళ్లకముందే మెదడు కింది భాగం ఈ పని కానిచ్చేస్తుంది. కాబట్టి ‘ఇది సినిమానే కదా’ అని మీరు ఎంత గట్టిగా అనుకున్నా ఆ మొదటి ఉలికిపాటును ఆపలేరు. దీపావళి టపాసుకు ఉలిక్కిపడటం లాంటిదే ఇదీ.

‘సైకో’ హత్య సీన్‌కు అసలు సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా, వయొలిన్లు కీచుమనేలా బాణీ కట్టి వినిపించాడు. హిచ్‌కాక్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. మన దగ్గర 1989లో వచ్చిన ‘శివ’ గుర్తు తెచ్చుకోండి. కాలేజీ కుర్రాడు సైకిల్ చైను లాగి తెంపిన ఆ క్షణం ఇన్నేళ్ల తర్వాత కూడా మనకు గుర్తుండటానికి ఆ ఇనుప చప్పుడు సగం కారణం. సైకిలు అప్పట్లో ఇంటింటికీ ఉన్న వస్తువు. రోజూ చేత్తో పట్టుకునే వస్తువు ఆయుధమైపోయింది.

అందుకే చిన్న చిట్కా. టీవీలోనో ఫోన్లోనో చూస్తుంటే మొహం తిప్పుకోవడం కంటే సౌండ్ తగ్గించడం ఎక్కువ పనిచేస్తుంది. హాల్లో అయితే కళ్లు తెరిచే ఉంచి చెవులు మూసుకోండి. ఎంత భయంకరమైన సీనైనా సౌండ్ తీసేస్తే మేకప్పూ, రబ్బరు బొమ్మా బయటపడతాయి. కళ్లు మూసుకుని చప్పుడు మాత్రం వింటే, దర్శకుడు చూపించినదాని కంటే ఘోరమైనది మన మనసే గీసి పెడుతుంది.

బొమ్మ ఒకటే, మాట వేరు

ఈ విషయం మీద పాతదే అయినా చెప్పుకోదగ్గ పరిశోధన ఒకటి ఉంది. 1960ల్లో అమెరికాలోని బర్కిలీలో రిచర్డ్ లాజరస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం కొందరికి ఒళ్లు జలదరించే డాక్యుమెంటరీ చూపించారు. ఒక ఆదివాసీ తెగ కుర్రాళ్లకు చేసే బాధాకరమైన కోత తంతు అందులో ఉంది. చూస్తున్నవాళ్ల గుండె వేగాన్నీ, చర్మం మీద చెమటనూ యంత్రాలతో కొలిచారు. బొమ్మ అందరికీ ఒకటే. వ్యాఖ్యానం మాత్రం మార్చారు. కొందరికి ఆ బాధనూ ప్రమాదాన్నీ ఎత్తి చూపే మాటలు, కొందరికి ఇందులో పెద్ద బాధేమీ లేదన్న మాటలు, ఇంకొందరికి ఒక పండితుడు దూరం నుంచి వివరిస్తున్నట్టుండే మాటలు వినిపించారు. మొదటివాళ్ల శరీరాలు ఎక్కువగా కుదుపుకు లోనయ్యాయి, మిగతావాళ్లవి తక్కువ.

అంటే కళ్లు చూసినదానికి మనసు ఏం అర్థం చెప్పుకుందో శరీరం దాన్నే వింటుంది. టీ బంకు దగ్గర నవ్వుతున్నాయన ‘ఆ తల గ్రాఫిక్సు రా, అతుకు కనపడలా?’ అంటున్నాడంటే ఆయన తనకు తెలియకుండానే లాజరస్ వైద్యం చేసుకుంటున్నాడన్నమాట. బస్సులో మౌనంగా కూర్చున్నావిడ మాత్రం ఆ సీన్‌కు ఏదో సొంత అర్థం చెప్పుకుంది. ఆ అర్థం ఎక్కడి నుంచి వచ్చింది? సినిమాలోంచి మాత్రం రాలేదు.

కొల్లేటి పాము, ఏలూరు డిసెంబరు

తెర మీద నీళ్లలోంచి పాము తల ఎత్తితే హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో కేకలు వినపడతాయి. కొల్లేటి లంకల్లో పుట్టి, చేపల చెరువుల గట్ల మీద పెరిగిన మనిషికి అది రోజూ కాళ్ల కింద కదిలే వ్యవహారం. ‘నీళ్ల పాము, అదేం చేస్తది?’ అంటాడు. రోజూ చేపలు కోసే చేతులకు ఎర్రటి రంగు కొత్తేమీ కాదు. కానీ అదే మనిషి ముందు ఒక పిల్లవాడు నీళ్లలో మునిగిపోతున్న సీన్ వేసి చూడండి. కాలవలూ చెరువులూ ఊరి చుట్టూ ఉన్నచోట, నీటికి ఒకరిని పోగొట్టుకున్న ఇల్లు ప్రతి ఊళ్లో ఉంటుంది. ఆ సీన్‌లో ఒక్క చుక్క నెత్తురు ఉండదు. పైకి తేలిన చెప్పు ఒకటి చాలు.

కీచకుడి సంగతే తీసుకోండి. ఇప్పటి ఏలూరు జిల్లా నూజివీడులో 1918లో పుట్టిన ఎస్వీ రంగారావు గారు 1963 నాటి ‘నర్తనశాల’లో ఆ పాత్ర వేశారు. భీముడి చేతిలో ఆయన చచ్చే సీన్ కంటే, సైరంధ్రి వైపు ఆయన చూసే చూపు ఆడవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆ చూపు చాలామందికి సినిమా హాలు బయటే పరిచయం మరి. మగవాళ్లు ‘ఏం నటన!’ అంటారు. పక్క సీట్లో భార్య పమిట సర్దుకుంటుంది.

ఇంకొంచెం దగ్గరి ఉదాహరణ ఉంది. 2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో ఆస్పత్రులకు చేరినవాళ్లు 600 దాటారు. ఒకరు చనిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఇంటి మనిషి కళ్ల ముందు కొట్టుకుంటుంటే, నోట్లోంచి నురగ వస్తుంటే, ఏం జరుగుతోందో తెలియక ఆటో కోసం పరుగెత్తినవాళ్లు ఆ ఊళ్లో వందల్లో ఉన్నారు.

ఇప్పుడు మన దెయ్యం సినిమాలు గుర్తు తెచ్చుకోండి. దెయ్యం పట్టిందని చూపించాలంటే ఏం చేస్తారు? కళ్లు పైకి తేలేస్తారు, ఒళ్లు విల్లులా వంచుతారు, నోట్లో నురగ పెడతారు. కామెడీ సినిమాల్లో అయితే అదే పనిని నవ్వు కోసం చేస్తారు. మిగతా ఆంధ్రకు అది సీన్. ఆ డిసెంబరు చూసిన ఏలూరు ఇల్లాలికి అది జ్ఞాపకం. ఆమె ఒళ్లు చల్లబడితే, హాల్లోంచి లేచి వెళ్లిపోతానంటే, ‘సినిమానే కదా, కూర్చో’ అనకండి. అనుభవం మీద పడిన దెబ్బకు గ్రాఫిక్సు గురించి చెప్పే మాట మందు కాదు. లేచి బయటికి రండి. టికెట్ డబ్బులు పోతే పోయాయి.

నిజం సీన్లు ఇంకా ప్రమాదం. వార్తా చానెళ్లలోనూ ఫోన్లలోనూ ఒకే దృశ్యం రోజంతా తిరుగుతుంటుంది. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక అమెరికా పరిశోధకులు నాలుగు వేల మందికి పైగా జనాన్ని అడిగి చూశారు. ఆ తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకంటే ఎక్కువసేపు ఆ వార్తలూ దృశ్యాలూ చూసినవాళ్లలో, పేలుడు చోట ఉన్నవాళ్ల కంటే కూడా తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. సినిమాకు శుభం కార్డు ఉంటుంది. ఫోన్లో వచ్చే ప్రమాదం వీడియోకు ఉండదు. మీకు వచ్చినా పదిమందికి పంపకండి.

తాళాల గుత్తి జేబులోనే ఉంచండి

ఫిట్స్ సంగతి వచ్చింది కాబట్టి సినిమాలు మనకు నేర్పిన ఒక తప్పు ఇక్కడే చెప్పుకోవాలి. ఎవరికైనా మూర్ఛ రాగానే చేతిలో తాళాల గుత్తో, ఇనుప ముక్కో పెట్టడం మనం తెర మీద చూసి చూసి నిజమనుకున్నాం. ఇనుముకు ఆ శక్తి లేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. ఆగింది ఇనుము వల్లేనని మనం అనుకుంటాం.

చేయాల్సింది ఇదీ. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తప్పించండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు, ఏమీ పెట్టొద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. టైమ్ చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా, మొదటిసారి వచ్చినా, గర్భిణి అయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మూర్ఛ వ్యాధి ఉన్న ప్రతి వందమందిలో సుమారు ముగ్గురికి గబగబా వెలిగి ఆరే లైట్లు పడవు. 1997 డిసెంబరు 16న జపాన్ టీవీలో ‘పోకెమాన్’ కార్టూన్ వస్తుండగా ఎరుపు, నీలం రంగులు వేగంగా మెరిసిన కొద్ది సెకన్లకే 600 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. అందులో కథాపరంగా షాక్ ఏమీ లేదు, ఉన్నదంతా వెలుగే. ఇంట్లో అలాంటి బాధ ఉన్నవాళ్లుంటే మెరుపుల పాటలు, ఫైట్లు వచ్చినప్పుడు ఒక కన్నును అరచేత్తో పూర్తిగా కప్పుకోమని చెప్పండి. రెండు కళ్లూ మూసుకోవడం కంటే ఇదే మేలు, ఎందుకంటే బలమైన మెరుపు రెప్పల్లోంచి కూడా వెళుతుంది. మందులు ఒక్కపూట కూడా మానకూడదు. నిద్ర చాలని రోజున సినిమాకు వెళ్లకపోవడమే మంచిది.

సూది చూడగానే ఒరిగిపోయేవాళ్లు

కత్తి ఫైట్లకు చెక్కుచెదరని మనిషి, తెర మీద ఆస్పత్రిలో నరానికి సూది గుచ్చే క్లోజప్ రాగానే తెల్లబోయి పక్కకు ఒరిగిపోవడం చూసే ఉంటారు. 2010లో వచ్చిన ‘127 అవర్స్’ అనే ఇంగ్లిష్ సినిమాలో బండ కింద చెయ్యి ఇరుక్కున్న కుర్రాడు తన చేతిని తానే కోసుకుంటాడు. ఆ సీన్‌కు ప్రేక్షకులు కళ్లు తిరిగి పడిపోయినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. అది నిజంగా జరిగిన కథ. పైగా చేసేవాడు తాపీగా, తెలిసీ చేస్తాడు. మన చెయ్యి కూడా అలాగే ఉంటుంది కదా అన్న స్పృహ అక్కడ తప్పించుకోలేం.

ఇలా పడిపోవడాన్ని డాక్టర్లు వేసోవేగల్ సింకోపీ అంటారు. మిగతా భయాలన్నిట్లో బీపీ పెరుగుతుంది. నెత్తురు, గాయం, సూది అంటే భయం ఉన్నవాళ్లలో మాత్రం ముందు కాస్త పెరిగి, ఆ వెంటనే గుండె వేగం, బీపీ రెండూ పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి మనిషి సొమ్మసిల్లుతాడు. ఇది కుటుంబాల్లో కూడా నడుస్తుంది. మీ నాన్నగారికి ఉంటే మీకూ ఉండే అవకాశం ఎక్కువ.

దీనికి ‘గాఢంగా ఊపిరి పీల్చి రిలాక్స్ అవ్వండి’ అన్న మామూలు సలహా పనికిరాదు. అసలే పడిపోతున్న బీపీని అది ఇంకా వదులు చేస్తుంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ 1980ల్లో దీనికి తలకిందుల మందు కనిపెట్టాడు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు గట్టిగా బిగించండి. మొహంలోకి వెచ్చదనం వచ్చేదాకా, అంటే పది పదిహేను సెకన్లు, అలాగే ఉంచండి. తర్వాత మామూలు స్థితికి రండి, పూర్తిగా వాలిపోవద్దు. అర నిమిషం ఆగి మళ్లీ బిగించండి. ఇలా అయిదుసార్లు. సినిమా హాలు కుర్చీలో కూర్చునే, పక్కవాడికి తెలియకుండా చేయొచ్చు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు కూడా పనికొస్తుంది, సూది గుచ్చే చెయ్యిని మాత్రం వదులుగా ఉంచాలి. అప్పటికే కళ్ల ముందు చీకట్లు కమ్ముతుంటే లేచి బయటికి పరుగెత్తొద్దు. మెట్ల మీద పడితే తల పగులుతుంది. ఉన్నచోటే తల కిందికి వంచి కూర్చోండి, వీలైతే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టండి.

పెద్దవాళ్ల గుండె గురించి ఒక్క మాట. భయమేస్తే ‘నెత్తురు గడ్డకట్టింది’ అంటాం కదా. నెదర్లాండ్స్ పరిశోధకులు 2015లో సరదాగా దీన్నే పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న 24 మందికి ఒక దెయ్యం సినిమా, షాంపేన్ తయారీ మీద ఒక చప్పటి డాక్యుమెంటరీ చూపించి రక్తం తీశారు. దెయ్యం సినిమా చూసినప్పుడు గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 8 పెరిగింది. అయితే నిజంగా గడ్డలేమీ కట్టలేదు. కుర్రాళ్లకు ఇది కబుర్లు చెప్పుకోవడానికి బాగుంటుంది. ఇటీవలే స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, తరచూ ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు మాత్రం అలాంటి సినిమాలు ఇప్పుడే చూడొచ్చా అని తమ డాక్టర్‌ను అడగాలి. హాల్లో ఛాతీ పట్టేసినట్టుండి, చెమటలు పట్టి, సీన్ అయిపోయిన కొద్ది నిమిషాలకు కూడా తగ్గకపోతే దాన్ని సినిమా ఖాతాలో రాయకండి. ఈసీజీ తీయించండి.

ఆ రాత్రి ఏం చేయాలి?

చూసేశారు. ఇంటికొచ్చారు. కళ్లు మూస్తే అదే బొమ్మ. ఇంగ్లండ్‌లో ఎమిలీ హోమ్స్ అనే శాస్త్రవేత్త బృందం 2009లో ఇలాంటివాళ్ల మీదే ప్రయోగం చేసింది. కలవరపెట్టే దృశ్యాలు చూపించి, అరగంట తర్వాత కొందరితో టెట్రిస్ ఆడించారు. అదే, పైనుంచి జారే ముక్కలను తిప్పి పేర్చే పాత వీడియో గేము. ఆడినవాళ్లకు తర్వాతి వారంలో ఆ దృశ్యాలు మళ్లీ మళ్లీ గుర్తుకు రావడం తగ్గింది. చూసిన బొమ్మ మెదడులో గట్టిపడే ఆ కొన్ని గంటల్లో, బొమ్మలకు వాడే భాగాన్ని ఇంకో పనిలో పెట్టడమే ఇందులో కిటుకు. కళ్లూ చేతులూ కలిసి పనిచేసేవి ఏవైనా ఎంచుకోండి: జిగ్‌సా ముక్కలు పేర్చడం, రేపటి ముగ్గు చుక్కలు పెట్టి చూసుకోవడం. పడుకుని ఫోన్లో అదే సినిమా రివ్యూలు, క్లిప్పులు చూడటం మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం.

పిల్లల సంగతి వేరు. ఏడెనిమిదేళ్లలోపు వాళ్లకు కథ కంటే ఆకారమే భయం. మంచివాడైనా సరే మొహం వికారంగా మారితే బెదిరిపోతారు. ‘అది నిజం కాదు నాన్నా’ అంటే వాళ్లకు ఊరట కలగదు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే కలుగుతుంది. పదేళ్లు దాటినవాళ్లకు జరగగలిగేది భయం: దొంగలు, అమ్మానాన్నలు చనిపోవడం, కిడ్నాప్. వీళ్లతో మాట్లాడాలి. అమెరికాలో 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలేజీ విద్యార్థులను అడిగితే, చిన్నప్పుడు చూసిన ఏదో ఒక సీన్ చాన్నాళ్లు భయపెట్టిందని నూటికి తొంభై మంది చెప్పారు. సుమారు నాలుగోవంతు మందిని ఆ భయం అప్పటికీ వదల్లేదు. సెన్సార్ బోర్డు ఇప్పుడు యూఏ సర్టిఫికెట్‌ను 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడదీసి ఇస్తోంది. పోస్టర్ మీద ఆ అంకె వెతకండి. ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకు చంటిపిల్లను ఎత్తుకుని వచ్చేవాళ్లను మన హాళ్లలో ఇప్పటికీ చూస్తున్నాం. ‘దానికేం తెలుస్తుంది’ అంటారు. దానికి చెవులున్నాయి.

ఒక్క సీన్ గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. పాత్ర ప్రాణం తీసుకునే సీన్. అప్పుల కథల్లో, ప్రేమ కథల్లో మన సినిమాలు దీన్ని తేలిగ్గా వాడేస్తాయి. కొన్నిసార్లు ఎలా చేశాడో విడమరిచి చూపిస్తాయి, వెనక వీణ వాయిస్తాయి. సినిమాలు, సీరియళ్లు తీసేవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక మార్గదర్శిని ఇచ్చింది. పద్ధతి చూపించొద్దు, సాయం దొరికే దారి చూపించండి అని అందులో ఉంది. ‘13 రీజన్స్ వై’ అనే సీరియల్‌లో అలాంటి సీన్‌ను నెట్‌ఫ్లిక్స్ అదే ఏడాది జులైలో తీసేసింది. మామూలు ప్రేక్షకుడికి అది ఏడిపించే సీన్. చెరువు కౌలు మీద పడ్డ అప్పుతోనో, తప్పిన పరీక్షతోనో అప్పటికే లోలోపల నలిగిపోతున్నవాడికి అది దారి చూపించినట్టు అనిపించొచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా అలాంటి సీన్ తర్వాత మామూలు కంటే ఎక్కువ మౌనంగా ఉంటే, అదే సీన్ మళ్లీ మళ్లీ చూస్తుంటే, ‘వాడు చేసింది కరెక్టే’ లాంటి మాట అంటే, ఆ రాత్రే పక్కన కూర్చుని నేరుగా అడగండి: ‘నీకూ అలాంటి ఆలోచన వస్తోందా?’ అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగేవాళ్లు ఒకరున్నారని తెలుస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులు ఇంట్లోంచి తీసేయండి. టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలివాళ్లు చేయనంటే మీరే చేసి, స్పీకర్ ఆన్ చేసి ఇద్దరూ కలిసి మాట్లాడండి.